ఓర్బ్ లొంగిపోయి ఉండాల్సిందా? గండమ్‌లో యుద్ధం, రాజనీతి, ఆదర్శం

#1 | తెల్లఓడ

జపాన్ రోబో యానిమే గండమ్‌లో సీడ్, సీడ్ డెస్టినీ సిరీస్‌లు చూడనివాళ్లు ఇక్కడే ఆగండి, కథంతా బయటపెడుతున్నాను.

మన దగ్గర ఏ గండమ్ చర్చ మొదలైనా కాసేపట్లో ఒక తీర్పు వచ్చేస్తుంది: 1979 నాటి మొదటి గండమ్‌ది వాస్తవిక దృష్టి, 2002 నాటి సీడ్‌ది పసితనపు ఆదర్శం. ఈ తీర్పు నాకు అస్సలు మింగుడుపడదు. రోబో బరువుగా నడిచి, పైలట్లు చనిపోయి, యూనిఫామ్‌లు మాసిపోయి కనిపిస్తే దాన్నే వాస్తవికత అనేస్తున్నాం. అవన్నీ బొమ్మ గీసే తీరుకు సంబంధించిన సంగతులు. ఒక దేశం యుద్ధంలోకి ఎందుకు దిగింది, ఎందుకు దిగనంది, దిగనన్నందుకు ఎవరి ఇల్లు కూలింది అన్నవే రాజకీయం. ఆ లెక్కన ఓర్బ్ కథకు సాటి వచ్చేవి ఈ జానర్‌లో చాలా తక్కువ.

గుర్తులేనివాళ్ల కోసం. ఓర్బ్ పసిఫిక్‌లో చిన్న ద్వీప దేశం. ఒకవైపు భూమి కూటమి, ఇంకోవైపు అంతరిక్షంలోని ప్లాంట్ కాలనీలు కొట్టుకుంటుంటే ఓర్బ్ మూడు సూత్రాలు పెట్టుకుంది: ఇంకొకరి దేశం మీదికి పోం, మా మీదికి రానివ్వం, ఇతరుల గొడవల్లో తలదూర్చం. ఈ మాటకు కట్టుబడ్డ నాయకుడు ఉజుమి నారా అథా. పనామాలో కూటమికి ఉన్న మాస్ డ్రైవర్‌ను (ఓడల్ని అంతరిక్షంలోకి పంపే భారీ పట్టాల వ్యవస్థ) ప్లాంట్ సైన్యం నాశనం చేశాక కూటమి కన్ను ఓర్బ్‌లోని కగుయా మాస్ డ్రైవర్ మీద పడింది. మాతో చేరతారా, లేక శత్రువు పక్షం అనుకోమంటారా అని గడువు పెట్టింది. అడకత్తెరలో పోకచెక్క పరిస్థితి. ఉజుమి లొంగలేదు. పోరాడారు, ఓడారు. చివరికి కూతురు కగాలిని, మిగతా కుర్రవాళ్లను ఓడల్లో పైకి పంపేసి, మాస్ డ్రైవర్‌నీ మోర్గెన్‌రేటె ఆయుధ కర్మాగారాన్నీ పేల్చేసి తానూ అందులోనే పోయాడు.

దీన్ని మీరు ఏమంటారు? నాకు ఉజుమి అంటే గౌరవం ఉంది, కోపం కూడా ఉంది. ముందు మీ మాట వినాలనుంది.

#2 | ఎర్రతోకచుక్క

తెల్లఓడ గారూ, ఓర్బ్ తటస్థత మొదటి ఎపిసోడ్‌లోనే అబద్ధమని తేలిపోయింది కదా. హెలియోపొలిస్ కాలనీ ఎవరిది? ఓర్బ్‌ది. అక్కడ కూటమి కోసం ఐదు గండమ్‌లు గుట్టుగా తయారైంది ఎవరి చేతిలో? ఓర్బ్ సంస్థ మోర్గెన్‌రేటె చేతిలో. కగాలి వాటిని కళ్లారా చూసి అక్కడే కూలబడిపోయి నాన్న ద్రోహం చేశాడని ఏడుస్తుంది. సిరీస్ అంతటిలో అంత రాజకీయ స్పృహ ఉన్న ఏడుపు ఇంకొకటి లేదు. ఉజుమి తనకు తెలియదన్నాడు, బాధ్యత తీసుకుని పదవి వదిలాడు. కానీ ఆ ప్రాజెక్టులో నేర్చుకున్న విద్యతోనే ఓర్బ్ తన ఎం1 ఆస్ట్రే రోబోలను తయారుచేసుకుంది. చిన్న దేశం బతకాలంటే అలాగే చెయ్యాలి, అందుకు తప్పుపట్టను. అయితే అది పక్కా రాజనీతి. దానికి ఆదర్శం అని పేరు పెట్టకండి.

ఇక తటస్థత సంగతి. మనం ప్రకటించుకుంటే సరిపోదు, బలవంతుడు ఒప్పుకోవాలి. క్రీ.పూ. 416లో మెలోస్ ద్వీపం ఏథెన్స్‌తో ఇదే మాట చెప్పింది, మేము ఎవరి పక్షమూ కాము, మమ్మల్ని వదిలెయ్యండి అని. ఏథెన్స్ వాళ్లు మగవాళ్లను చంపి, ఆడవాళ్లను, పిల్లల్ని బానిసలుగా అమ్మేశారు. గ్రీకు చరిత్రకారుడు థ్యూసిడిడీస్ రాసిన ఆ సంభాషణ చదివి ఓర్బ్ ఎపిసోడ్లు చూడండి, మాటలు కూడా కలుస్తాయి.

ఇంకో ఉదాహరణ ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఐస్‌లాండ్. 1940 మే 10న తటస్థ ఐస్‌లాండ్‌లో బ్రిటన్ సైన్యాన్ని దించింది. కారణం ఒకటే, తాను పట్టుకోకపోతే జర్మనీ పట్టుకుంటుందని. అచ్చం కగుయా లెక్క. ఐస్‌లాండ్ ప్రభుత్వం గట్టిగా నిరసన తెలిపింది, తుపాకీ మాత్రం ఎత్తలేదు. ఊళ్లు మిగిలాయి, జనం మిగిలారు, 1944లో రిపబ్లిక్ కూడా అయింది. ఉజుమి ముందు ఈ దారి కూడా ఉంది. మాస్ డ్రైవర్ తీసుకోండి, మేము ఒప్పుకోలేదని ప్రపంచానికి చెబుతాం అనొచ్చు.

#3 | శాంక్‌రాజ్యం

డాలస్ నుంచి. మా తరంలో చాలామందికి గండమ్ అంటే 2000లో టీవీలో టూనామీ కార్యక్రమంలో వచ్చిన గండమ్ వింగే, కాబట్టి అందులోని కథానాయిక రెలీనా తరఫున నాలుగు ముక్కలు.

ఎర్రతోకచుక్క అన్నా, నువ్వు చెప్పిన ఐస్‌లాండ్ దారి రెలీనా తొక్కింది. సంపూర్ణ శాంతివాదం అంటూ శాంక్ రాజ్యాన్ని మళ్లీ నిలబెట్టింది, రోమఫెల్లర్ అనే కులీనుల సంస్థ సైన్యం మీదికి వచ్చింది. ఇంకా నెత్తురు పారకూడదని తన రాజ్యం ఇక లేదని తనే ప్రకటించింది. తర్వాత రోమఫెల్లర్ వాళ్లు ఆమెను ప్రపంచానికి రాణిని చేశారు, బొమ్మలా కూర్చుంటుందని. ఆమె కూర్చోలేదు. ఆ కుర్చీ నుంచే నిరాయుధీకరణ మాట ఎత్తి, పెద్దవాళ్లను తన వైపు తిప్పుకోవడం మొదలుపెట్టింది. సేనాని ట్రైజ్ వచ్చి ఆమెను దింపేదాకా అది పనిచేసింది కూడా. రెలీనాను కలలు కనే పిల్ల అనేవాళ్లు ఈ భాగం మర్చిపోతారు.

ట్రైజ్ గురించి కూడా ఒక మాట. యుద్ధంలో చనిపోయినవాళ్ల పేర్లన్నీ గుర్తుపెట్టుకునే మనిషి. మళ్లీ యుద్ధం గొప్పదనం గురించి మాట్లాడేదీ ఆయనే. ఇంత దుఃఖం ఉన్నవాడు అంత యుద్ధం ఎలా చేయించాడు అన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

#4 | తెల్లఓడ

ఎర్రతోకచుక్క గారు చెప్పిన రెండో దారి కథలో లేదనుకుంటున్నారు. ఉంది. డెస్టినీ మొత్తం అదే.

ముందు షిన్ అసుకా. కూటమి దాడి రోజున కుటుంబం ఓడ దగ్గరికి పరిగెడుతుంటే చెల్లెలు మయూ ఫోన్ జారి దిగువకు దొర్లుతుంది. గులాబీ రంగు ఫోన్. షిన్ దాన్ని తెస్తానని కిందికి దిగుతాడు. ఆ క్షణంలో పేలుడు. పైకెక్కి చూస్తే అమ్మ లేదు, నాన్న లేడు, చెల్లి చెయ్యి మాత్రం మట్టిలో కనిపిస్తుంది. ఉజుమి మాట నిలబెట్టుకున్న రోజు అది. తర్వాత షిన్ ప్లాంట్ పైలట్ అయ్యాక కగాలి ఎదురుపడితే, నా వాళ్లను చంపింది మీ అథాలే అని మొహం మీదే అనేస్తాడు. కగాలి దగ్గర జవాబు లేదు. రాసినవాళ్లు ఆమె చేత ఏ జవాబూ చెప్పించలేదు, అక్కడే నాకు ఈ సిరీస్ మీద గురి కుదిరింది.

ఇప్పుడు రెండో యుద్ధం. ఈసారి ఓర్బ్ పెద్దలు, ముఖ్యంగా సెయిరాన్ కుటుంబం, మీరు చెప్పిన లెక్కే వేశారు. పోయినసారి మొండికేస్తే దేశం కాలిపోయింది, ఈసారి కూటమితో చేరిపోదాం అని. చేరారు. చేరాక ఊరుకుంటారా? ఓర్బ్ నౌకాదళాన్ని ఎక్కడో డార్డనెల్స్‌కు, అటు నుంచి క్రీట్ దగ్గరికి ఎవరి కోసమో యుద్ధానికి పంపారు. తకెమికజుచి అనే విమానవాహక నౌక మీద తొదకా అనే అధికారి ఉంటాడు. ఇల్లూవాకిలీ పోయిన షిన్‌ను ఓదార్చి ప్లాంట్‌కు వెళ్లే దారి చూపించింది ఈయనే. అదే షిన్ ఇంపల్స్ గండమ్‌తో ఆ నౌకను నడిపే గదిని (బ్రిడ్జ్) నరికేస్తాడు. తొదకా పోతాడు. ఎవరిని చంపాడో ఆ క్షణాన షిన్‌కు తెలియదు.

లొంగకపోతే షిన్ కుటుంబం పోయింది. లొంగితే తొదకా పోయాడు. ఐస్‌లాండ్‌ను బ్రిటన్ తన యుద్ధంలోకి సైన్యం పంపమని అడగలేదు, అడగడానికి అక్కడ సైన్యమే లేదు. ఓర్బ్‌కు మంచి నౌకాదళం ఉంది, ఎం1లు ఉన్నాయి. బలమున్న చిన్న దేశం లొంగితే ఆ బలాన్ని కూడా అప్పజెప్పాలి. మీ లెక్కలో ఈ అంకె లేదు.

#5 | బెల్‌ఫాస్ట్‌రేవు

ఇన్ని దేశాలు, ఇన్ని కూటములు. మొదటి గండమ్‌లో మిహారు ఎవరికైనా గుర్తుందా?

బెల్‌ఫాస్ట్‌లో ఉండే అమ్మాయి. అమ్మానాన్నలు లేరు, తమ్ముణ్ని, చెల్లిని సాకాలి. అంతరిక్ష కాలనీల రాజ్యం జియోన్ వాళ్లిచ్చే డబ్బు కోసం, భూమి పక్షమైన ఫెడరేషన్ ఓడల కదలికలు చేరవేస్తుంది. కూటి కోసం కోటి విద్యలు, ఆమెకు జియోన్ అయినా ఫెడరేషన్ అయినా ఒకటే. ఫెడరేషన్ పైలట్ కై షిడెన్‌కు అనుమానం వచ్చినా పట్టివ్వడు, ఆ పిల్లల్ని చూశాక చేతులు రావు. తర్వాత ఆమె కై వాళ్ల యుద్ధనౌక తెల్ల ఓడలోకి ఎక్కి సమాచారం చేరవేస్తుంది. దాని వల్ల దాడి జరిగి, ఓడలో తనలాగే అనాథలైన పసిపిల్లలు హడలిపోవడం చూసి, కైతో కలిసి పోరాడతానంటుంది. క్షిపణి మీట పనిచెయ్యకపోతే చేత్తో వదులుతుంది. ఆ విసురుకే సముద్రంలో పడిపోతుంది. కై కాసేపు ఆమె లేదని కూడా గమనించడు.

మీరు వాస్తవవాదం, ఆదర్శవాదం అని దేశాధినేతల వైపు నుంచే మాట్లాడుతున్నారు. మిహారుకు ఈ రెండూ అక్కర్లేదు, తమ్ముడికి అన్నం కావాలి. షిన్‌కూ అంతే. పిల్లల కోసం రాత్రి గూఢచారిగా పనిచేసి, పొద్దున రేవులో సరుకు అమ్ముకునే అమ్మాయిని 1979లో రోబో కార్టూన్‌లో పెట్టారంటే ఆ రాసినవాళ్లకు దండం పెట్టాలి.

#6 | నీలిగోళం

మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి. గండమ్ 00 రెండో ఎపిసోడ్, 2007 అక్టోబర్. సెలెస్టియల్ బీయింగ్ అనే సంస్థ యుద్ధం చేసే ఎవరి మీదైనా ఆయుధాలతో దిగుతామని ప్రపంచానికి ప్రకటిస్తుంది. తర్వాత వెళ్లిన చోటు? సిలోన్. సింహళీయులు, తమిళుల మధ్య జాతి ఘర్షణ, మధ్యలో చైనా, రష్యా, ఇండియా ఉన్న మానవ సంస్కరణ కూటమి సైన్యం. ఆ కూటమి అక్కడికి వచ్చిన కారణంగా చెప్పేది శాంతి, అసలు కాపాడుకునేది సౌరవిద్యుత్ లైన్లను.

అది ప్రసారమైన నాటికి అసలు శ్రీలంకలో యుద్ధం నడుస్తూనే ఉంది, 2009 మేలో ముగిసింది. అంతకుముందు 1987 ఒప్పందం తర్వాత మన సైన్యమే శాంతి పరిరక్షక దళంగా వెళ్లి, తమిళుల కోసమని వెళ్లి, చివరికి టైగర్లతోనే యుద్ధం చేసి, వెయ్యి మందికి పైగా జవాన్లను పోగొట్టుకుని 1990లో వెనక్కి వచ్చింది. 1991లో శ్రీపెరుంబుదూర్‌లో రాజీవ్ గాంధీ హత్య. ఇవన్నీ తెలిసిన మనం ఆ ఎపిసోడ్‌ను జపాన్ ప్రేక్షకుడు చూసినట్టు చూడలేం. నాలుగు గండమ్‌లు దిగి, అందర్నీ కొట్టి, ఎగిరిపోయి, ఇక శాంతి అంటే నాకు ఒళ్లు మండింది.

కాకపోతే సిరీస్‌కు ఆ సంగతి తెలుసు. కథానాయకుడు సెత్సునా స్వయంగా క్రుజిస్ అనే దేశంలో తుపాకీ పట్టించిన బాలసైనికుడు. అతను గండమ్‌ను దేవుడిగా చూసిన పిల్లాడు. పై నుంచి వచ్చి కాపాడే శక్తి మీద అలాంటివాడికి ఎంత నమ్మకం ఉంటుందో, ఆ నమ్మకం ఎంత ప్రమాదమో మొదటి సీజన్ చివరికి చూపిస్తారు. మూడు పెద్ద కూటములు చేతులు కలిపింది యుద్ధం మానడానికి కాదు, సెలెస్టియల్ బీయింగ్‌ను వేటాడటానికి. ఉమ్మడి శత్రువు ఉంటేనే ఏకమవుతారు అన్నది వాస్తవవాదుల పాత మాటే.

#7 | నిర్వాహకులు

00 రెండో సీజన్, ఆర్ఫన్స్ ముగింపు గురించి రాసేవాళ్లు ముందు వరసలో హెచ్చరిక పెట్టండి. శ్రీలంక విషయం సిరీస్‌కు సంబంధించినంత వరకే.

#8 | దౌగ్రామ్75

పెద్దవాణ్ని, కొంచెం పాత సంగతులు చెబుతాను.

1980ల జపాన్ రోబో సిరీస్‌లలో రాజకీయం ఎక్కువగా ఎందుకుందో చూడాలంటే తీసినవాళ్ల వయసు చూడాలి. మొదటి గండమ్ దర్శకుడు తొమినో 1941లో పుట్టారు. మొదటి గండమ్ పాత్రలకు రూపం ఇచ్చిన యాసుహికో 1947, విద్యార్థి ఉద్యమంలో పాల్గొన్నందుకు హిరోసాకి యూనివర్సిటీ నుంచి బహిష్కరించారు ఆయన్ని. యుద్ధం వదులుకుంటున్నామని రాసిన రాజ్యాంగం కింద పెరిగి, అదే దేశంలో అమెరికా సైనిక స్థావరాలను రోజూ చూసిన తరం. ఆదర్శం కాగితం మీద, సైన్యం వీధి చివర. ఈ రెండూ ఒకేసారి నిజమైన చోట పుట్టిన కథలివి.

1988 నాటి చార్స్ కౌంటర్ ఎటాక్ చూడండి. ఫెడరేషన్ మీద తిరగబడ్డ చార్ అప్పటికే ఫిఫ్త్ లూనా అనే గ్రహశకలాన్ని టిబెట్‌లోని లాసా మీద పడేశాడు. అంత జరిగాక కూడా ఫెడరేషన్ అధికారులు లాండెనియన్ కాలనీలో అతనితో గుట్టుగా కూర్చుని ఆక్సిస్ అనే ఇంకో గ్రహశకలాన్ని బంగారానికి అమ్మేస్తారు. ఊరి మీదికి కొండ విసిరినవాడికి ఇంకా పెద్ద కొండ అమ్మారు. పైగా నిరాయుధమవుతానని చార్ చెప్పిన మాట నమ్మారు, ఆ లొంగుబాటు నౌకలే ఫెడరేషన్ స్థావరం లూనా టూ మీద దాడి చేసి అణ్వాయుధాలు ఎత్తుకుపోయాయి. రాయబారం యుద్ధంలో భాగమేనని భారతం చదివిన మనకు తెలుసు. ఐదూళ్లిస్తే చాలని అడగడానికి వెళ్లిన కృష్ణుడికి ఆ ఐదూ ఇవ్వరని తెలియదా? ఎవరు కాదన్నారో లోకం చూడాలని వెళ్లాడు. చార్ దాన్ని తలకిందులు చేశాడు, అవును అనిపించుకోవడమే అతనికి ఆయుధం.

ఇక నా పేరులో ఉన్న సిరీస్. ఫాంగ్ ఆఫ్ ద సన్ దౌగ్రామ్, 1981 నుంచి 1983, 75 ఎపిసోడ్లు, దర్శకుడు ర్యోసుకె తకహాషి. డెలోయర్ అనే వలస గ్రహం స్వాతంత్ర్యం కోరుతుంది. భూమి తరఫున పెద్దమనిషి డోనన్ కాషిమ్, అతని కొడుకు క్రిన్ గెరిల్లాల్లో చేరిపోతాడు. తండ్రి దుర్మార్గుడు కాడు, తన లెక్కలో తాను నిజాయితీపరుడు. సిరీస్‌లో సగం సమయం గదుల్లో జరిగే మంతనాలు. ఆ గదుల్లో ఎదిగేది లెకాక్ అనే సహాయకుడు, గెరిల్లాల పోరాటాన్ని కూడా తన బేరానికి వాడుకునే రకం. చివరికి గెరిల్లాలు ఆయుధాలు దించాల్సి వస్తుంది. క్రిన్ తన దౌగ్రామ్‌ను ఎవరికీ అప్పగించకుండా ఎడారిలో తనే కాల్చేస్తాడు. పోరాడింది ఒకళ్లు, ఒప్పందం రాసింది ఇంకొకళ్లు. రాజకీయం కావాలన్నవాళ్లు ముందు ఇది చూడండి. నెమ్మదిగా నడుస్తుంది, ఓపిక పట్టాలి.

#9 | ఎర్రతోకచుక్క

ఆర్ఫన్స్ ముగింపు చెబుతున్నాను, చూడనివాళ్లు దాటెయ్యండి.

తెల్లఓడ గారూ, తొదకా సంగతి గట్టి దెబ్బే. కానీ దానికి జవాబు ఇంకో గండమ్ సిరీస్ ఐరన్ బ్లడెడ్ ఆర్ఫన్స్‌లో ఉంది. కుడేలియా అంగారకుడి జనానికి న్యాయం కావాలని బయల్దేరిన ఆదర్శవాది. టెక్కడాన్ అనే బాలసైనికుల దళం పిల్లలు ఆమె కోసం ప్రాణాలు పెట్టారు. ఓర్గా పోయాడు, మికజుకి పోయాడు. వాళ్లను తుడిచిపెట్టింది రస్టల్ ఎలియన్. అదే రస్టల్ గెలిచాక తన సైనిక సంస్థ గ్యాలర్‌హార్న్‌ను సంస్కరించాడు, అంగారకుడికి స్వాతంత్ర్యం వచ్చింది, మనుషుల్ని చెత్తలా అమ్మే హ్యూమన్ డెబ్రిస్ పద్ధతిని రద్దు చేసే ఒప్పందంలో కుడేలియా అతని పక్కనే కూర్చుంది. తన మనుషుల్ని చంపినవాడితో. చాలామందికి ఆ ముగింపు నచ్చలేదు, నాకు ఈ జానర్‌లో అంతకన్నా నిజాయితీ ఉన్న ముగింపు కనపడలేదు. కుడేలియా ఆ రోజు లేచి వెళ్లిపోతే ఆమె మనసు చల్లబడేది, పిల్లల అమ్మకాలు మాత్రం ఆగేవి కావు.

#10 | యోకోహామా_వంతెన

పాట్‌లేబర్ 2 సినిమా గురించి ఎవరూ ఎత్తలేదు. 1993, మామోరు ఒషీ. జపాన్ 1992లో చట్టం చేసి కంబోడియాకు ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో తన సైనికుల్ని పంపిన మరుసటి ఏడాది.

మొదటి సన్నివేశంలోనే ఆగ్నేయాసియా అడవిలో జపాన్ సైనికాధికారి త్సుగె దళం మీద దాడి జరుగుతుంది. కాల్చడానికి అనుమతి అడుగుతాడు, రాదు. ఎదురుచూస్తుండగానే దళం మొత్తం పోతుంది. అనుమతి ఇవ్వనివాళ్ల చేతులకు నెత్తురు అంటలేదు, సూత్రం నిలబడింది. త్సుగె తిరిగి వచ్చి టోక్యోకు యుద్ధాన్ని చూపిస్తాడు. పడవలో నిఘా విభాగపు అరకావా, పోలీసు అధికారి గోటోల మాటలు వినండి. మన శాంతి అంటే వేరేచోట జరిగే యుద్ధాల మీద బతకడమేనని అరకావా అంటాడు. గోటో కాదనడు. అయినా ఆ కల్తీ శాంతిని కాపాడటమే తన ఉద్యోగం అంటాడు. ఈ దారంలో మీరంతా వెతుకుతున్న మనిషి గోటో అని నాకనిపిస్తుంది. శాంతి ఎంత మురికిదో తెలుసు, దాన్ని కాల్చెయ్యడానికి ఒప్పుకోడు.

#11 | తెల్లఓడ

అందరికీ థాంక్స్. బెల్‌ఫాస్ట్‌రేవు గారు, దౌగ్రామ్75 గారు రాసింది చదివాక ఉజుమి మీద నా కోపం దేని గురించో స్పష్టంగా చెప్పగలుగుతున్నాను.

అతను కాదన్నందుకు కోపం లేదు. మాస్ డ్రైవర్ ఇచ్చి ఉంటే దాని మీదుగా వెళ్లిన ప్రతి అణ్వాయుధంలో ఓర్బ్ వాటా ఉండేది. కాదనడం సరైనదే. కానీ ఆ నిర్ణయం ఎవరిది? ఓర్బ్‌ను ఏలేది ఐదు పెద్ద కుటుంబాలు. మొదటిసారి అథా ఇంట్లో కూర్చుని కాదన్నారు, రెండోసారి సెయిరాన్ ఇంట్లో కూర్చుని అవునన్నారు. షిన్ నాన్నను ఎవరూ అడగలేదు. తొదకాను ఎవరూ అడగలేదు. ఉజుమి పోతే కగాలి వస్తుంది, కూతురు కాబట్టి. సీడ్ ఇన్ని ప్రశ్నలు వేసింది కానీ ఈ ఒక్కటి వెయ్యలేదు. షిన్ కోపం సరిగ్గా అక్కడికే వెళ్లాలి. రెండో సగంలో కథ మొదటి సీడ్ కథానాయకుడు కిరా వైపు తిరిగిపోయి షిన్‌ను పక్కకు నెట్టేశారు, ఆ ప్రశ్న కూడా వాడితోపాటే పక్కకు పోయింది. డెస్టినీ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే.

#12 | ఎర్రతోకచుక్క

అడిగితే జనం శాంతికే ఓటేస్తారని ఎందుకు అనుకుంటున్నారు? 1914 ఆగస్టు 4న జర్మన్ పార్లమెంట్‌లో, అంతకుముందు దాకా యుద్ధం వద్దన్న సోషల్ డెమొక్రాట్లు కూడా యుద్ధ నిధులకు ఓటేశారు. జియోన్‌లో తమ్ముడు గర్మా అంత్యక్రియల్లో నాయకుడు గిరెన్ చేసిన ప్రసంగానికి 'సీగ్ జియోన్' అని అరిచినవాళ్లను ఎవరూ తుపాకీ పెట్టి అరిపించలేదు. షిన్ నాన్నను అడిగి ఉంటే ఏం చెప్పేవాడో మనకు తెలియదు.

#13 | బెల్‌ఫాస్ట్‌రేవు

తెలియదు, నిజమే. అయినా అడగాలి. ఓడ దగ్గరికి పిల్లల్ని పట్టుకుని పరిగెత్తేది ఆయనే కదా.

గిరెన్ ప్రసంగం మీద వేరే దారం తెరవండి ఎర్రతోకచుక్క గారూ, మొదటి గండమ్ 12వ ఎపిసోడ్. ఆ జనంలో ఎవరెందుకు అరిచారో అక్కడ మాట్లాడుకుందాం.